హైదరాబాద్‌లో పొలిటికల్ సైన్స్ లెక్చరర్ జీతం: అదే పాఠానికి 20 వేలూ ఉంది, లక్షా ఉంది

తమ్ముడు, నీ ప్రశ్న చదివిన. ఓయూలో ఎంఏ పొలిటికల్ సైన్స్ అయిపోయింది, నెట్ (కాలేజీల్లో చెప్పేటందుకు జాతీయ అర్హత పరీక్ష) వచ్చింది, దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీ వాళ్లు నెలకు 20 వేలు ఇస్తం రమ్మంటున్నరు, ఇంట్లోవాళ్లేమో ఇంత చదివి 20 వేలకు పోతవా అంటున్నరు, అసలు హైదరాబాద్‌లో మన సబ్జెక్ట్ చెప్పేవాళ్లకు ఎంతొస్తది, చేరాల్నా వద్దా అని అడిగినవ్. నేను ఈ సిటీలోనే ప్రైవేట్‌లో మొదలుపెట్టి సర్కారు డిగ్రీ కాలేజీలోకి వచ్చినోన్ని. మా డిపార్ట్‌మెంట్‌లో రెగ్యులర్, కాంట్రాక్ట్, గెస్ట్ అందరం పక్కపక్క కుర్చీల్లోనే కూర్చుంటం కాబట్టి అన్ని లెక్కలూ తెలుసు. పొడుగైతది, ఓపికగా చదువు.

ముందు ఒక్క ముచ్చట పట్టుకో. ఈ ఊర్లో లెక్చరర్ జీతం నీ పీజీ మార్కులను బట్టి రాదు, నువ్వెంత బాగా చెప్తవన్న దాన్ని బట్టి కూడా రాదు, నీ చేతిలో ఉన్న అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఏ రకందో దాన్ని బట్టే వస్తది. రాజ్యాంగ సవరణల ఆర్టికల్ 368 మీద అదే పాఠం, అదే సిలబస్, అదే వయసు పిల్లలు, కానీ ఒకాయనకు 20 వేలు, ఇంకొకాయనకు 28 వేలు, మూడో ఆయనకు లక్ష దాటి. అందుకే ఎవరైనా యావరేజ్ జీతం ఇంత అని ఒక నంబర్ చెప్తే దాన్ని పట్టించుకోకు, ఆ యావరేజ్ జీతం తీసుకునే మనిషి ఈ సిటీలో దొరకడు.

పైనుంచి మొదలుపెడతా. సెంట్రల్ యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్, అంటే మన దగ్గర గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ), ఉర్దూ యూనివర్సిటీ లాంటివి. ఏడో వేతన సంఘం ప్రకారం 2016 జనవరి 1 నుంచి లెవెల్ 10, మొదటి బేసిక్ 57,700. 2024 జనవరి నుంచి సెంట్రల్ డీఏ (కరువు భత్యం) 50 శాతం అయింది, డీఏ 50 తాకింది కాబట్టి హైదరాబాద్ లాంటి ఎక్స్ క్లాస్ (పెద్ద) సిటీకి హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) 27 నుంచి 30 శాతం అయింది. ఆ లెక్కనే వేస్కో: బేసిక్ 57,700, డీఏ 28,850, హెచ్ఆర్ఏ 17,310, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ 7,200, దాని మీద మళ్లీ డీఏ 3,600, మొత్తం 1,14,660. అందులోంచి ఎన్‌పీఎస్ పెన్షన్‌కి బేసిక్ ప్లస్ డీఏ మీద 10 శాతం అంటే 8,655 పోతది, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతది, అయినా చేతికి లక్ష పైనే. తర్వాత డీఏ ఇంకా పెరిగింది, ఇప్పుడు ఇంకొంచెం ఎక్కువే ఉంటది. ఏటా 3 శాతం ఇంక్రిమెంట్, 57,700 కాస్తా 59,400, తర్వాత 61,200, అట్ల పోతది.

దాని మీద ప్రమోషన్లు, క్యాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్) అంటరు కదా అవి. పీహెచ్‌డీ ఉంటే 4 ఏళ్లకు లెవెల్ 11 అంటే 68,900, ఇంకో 5 ఏళ్లకు లెవెల్ 12 అంటే 79,800, ఇంకో 3 ఏళ్లకు అసోసియేట్ ప్రొఫెసర్, అక్కడ ఒక్కసారిగా 1,31,400 బేసిక్. పీహెచ్‌డీ లేకపోతే మొదటి మెట్టుకే 6 ఏళ్లు, అసోసియేట్ మాత్రం రానే రాదు. ఇది చాలామందికి తెల్వదు: ఆరో వేతన సంఘం టైంలో పీహెచ్‌డీతో చేరితే 5 అడ్వాన్స్ ఇంక్రిమెంట్లు ఇచ్చేటోళ్లు, ఏడో దాంట్లో అవి తీసేసి, పీహెచ్‌డీ ఉన్నోళ్లకు ప్రమోషన్ తొందరగా వస్తది కదా అదే ఇన్సెంటివ్ అన్నరు. అంటే చేరిన రోజు పీహెచ్‌డీ ఉన్నా లేకున్నా జీతం ఒకటే, అసలు తేడా పన్నెండేళ్ల తర్వాత కనపడతది. అప్పుడు కనపడితే మాత్రం మామూలుగా ఉండదు.

సర్కారు డిగ్రీ కాలేజీ కూడా స్కేల్ యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్)దే, అదే 57,700. హెచ్ఆర్ఏ మాత్రం రాష్ట్రం రేటు, 2021 పీఆర్సీలో (రాష్ట్ర వేతన సవరణలో) జీహెచ్ఎంసీకి 30 నుంచి 24 శాతానికి తగ్గించిన్రు, అంటే 13,848. డీఏ రాష్ట్రం ఎప్పుడు రిలీజ్ చేస్తే అప్పుడే, సెంట్రల్ కంటే వెనక నడుస్తది, బకాయిలు ఎప్పుడొస్తయో ఎవరికీ తెల్వదు. డీఏ పూర్తిగా ఇస్తే కొత్తగా చేరినోళ్లకు గ్రాస్ లక్ష దగ్గర ఉండాలె. జీతం మంచిదే, పోస్టులే లేవు. డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్ కోసం మా తర్వాతి తరం ఎదురుచూసీ ఎదురుచూసీ కొందరు రూట్లే మార్చుకున్నరు, నీకు సీనియర్లు ఉంటే అడుగు చెప్తరు. యూనివర్సిటీల్లో ఇంకా ఘోరం, ఓయూ డిపార్ట్‌మెంట్లు నువ్వు కళ్లతో చూసినవ్ కదా, ఎంతమంది రెగ్యులర్ ప్రొఫెసర్లు ఉన్నరో, ఎన్ని క్లాసులు కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్ వాళ్ల మీద నడిచినయో నాకంటే నీకే బాగా తెలుసు. వాళ్లు రెగ్యులరైజేషన్ కోసం, యూజీసీ స్కేల్ కోసం రోడ్డెక్కితే తప్పుపట్టేవాళ్లను చూస్తే నాకు బాధైతది. పదిహేనేళ్లు పీజీ క్లాసులు చెప్పిన మనిషి, పీహెచ్‌డీ ఉన్న మనిషి, తన దగ్గర చదువుకున్న పిల్లగాడు జూనియర్ లెక్చరర్ (జేఎల్) అయి తనకంటే ఎక్కువ జీతం తీసుకుంటుంటే చూస్తూ ఊరుకోవాల్నా.

జేఎల్ అన్న కదా, నీకు ఇప్పటికిప్పుడు అన్నిటికంటే దగ్గర్లో ఉన్న మంచి జీతం అదే, కొంచెం వివరంగా చెప్తా. జూనియర్ కాలేజీలో మన సబ్జెక్ట్ పేరు సివిక్స్. స్కేల్ 54,220 నుంచి 1,33,630. నెట్ అక్కర్లేదు, పీజీ చాలు. 2022 డిసెంబర్‌లో 1,392 పోస్టులకు నోటిఫికేషన్ పడ్డది అన్ని సబ్జెక్టులకు కలిపి, పేపర్ 1 జనరల్ స్టడీస్ 150 మార్కులు, పేపర్ 2 సబ్జెక్ట్ 300 మార్కులు, ఇంటర్వ్యూ లేదు. పరీక్షలు మొదలైంది 2023 సెప్టెంబర్‌లో, ఆర్డర్లు చేతికి వచ్చింది 2025 మార్చిలో. అంటే నోటిఫికేషన్ నుంచి మొదటి జీతం దాకా రెండేళ్ల పైనే, దానికి ముందు నోటిఫికేషన్ ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చింది. ఈ గ్యాప్ మనసులో పెట్టుకో, ప్లాన్ అంతా దీని మీదే ఆధారపడతది.

జీతం లెక్క ఇట్ల. డీఏ 30 శాతం అనుకుందాం. బేసిక్ 54,220, డీఏ 16,266, హైదరాబాద్‌లో పోస్టింగ్ అయితే హెచ్ఆర్ఏ 13,013, మొత్తం 83,499. మీద 2023లో ఇచ్చిన 5 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) ఒక 2,711. సీపీఎస్ పెన్షన్‌కి బేసిక్ ప్లస్ డీఏ మీద 10 శాతం కట్ అయితది, ఏడు వేల చిల్లర. ఇన్‌కమ్ ట్యాక్స్ కొత్త రెజీమ్‌లో 2025-26 నుంచి ఉద్యోగులకు స్టాండర్డ్ డిడక్షన్ కలిపి 12 లక్షల 75 వేల దాకా లేదు కాబట్టి కొత్త జేఎల్‌కి ట్యాక్స్ భయం లేదు. కానీ ఒక మెలిక ఉంది. జేఎల్ మల్టీజోన్ పోస్టు. మల్టీజోన్ 2 అంటే యాదాద్రి, చార్మినార్, జోగులాంబ జోన్లు మూడూ కలిపి. నువ్వు హైదరాబాద్ అనుకుని రాస్తవ్, పోస్టింగ్ అచ్చంపేట దిక్కు పడొచ్చు. అక్కడ హెచ్ఆర్ఏ 11 శాతమే వచ్చే ఊరైతే 5,964, అంటే సిటీ వాళ్లతో పోలిస్తే నెలకు ఏడు వేలు తక్కువ. దానికి ఏడ్వాల్సిన పనిలేదు, ఆ ఊర్లో కిరాయి కూడా తక్కువే. కానీ పెళ్లాం ఉద్యోగమో పిల్లల చదువో సిటీలో పెట్టుకుని రోజూ బస్సుల్లో తిరిగేవాళ్లను చూస్తున్న, ఆ ఏడు వేలు పోయి ఛార్జీలకు ఇంకో ఏడు వేలు ఎదురు పెడుతుంటరు. హైదరాబాద్ జీతం అని లెక్క వేసుకునేటప్పుడు ఇదంతా చూస్కోవాలె.

గురుకులాలు మర్చిపోకు. 2023 గురుకుల బోర్డు నోటిఫికేషన్లలో జేఎల్ స్కేల్ అదే 54,220, డిగ్రీ లెక్చరర్‌కి 58,850 నుంచి 1,37,050. జేఎల్‌కి బీఈడీ అడుగుతరు, డిగ్రీకి నెట్ లేదా సెట్ (రాష్ట్రం పెట్టే అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ. గురుకుల డిగ్రీ కాలేజీలు ఎక్కువ శాతం అమ్మాయిలవి కాబట్టి మగవాళ్లకు పోస్టులు తక్కువ, అది ముందే తెలుసుకుని ఉండు. మీ ఇంట్లో చెల్లెనో అక్కనో మన సబ్జెక్ట్ చదివితే వాళ్లకు ఇది చాలా మంచి దారి అని చెప్పు.

ఇక గెస్ట్ లెక్చరర్. ఇక్కడ కొంచెం ఆగుతా, ఎందుకంటే నీలాంటి నెట్ పిల్లలు ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. సర్కారు కాలేజీల్లో గెస్ట్‌కి పీరియడ్‌కి 390, నెలకు మ్యాక్సిమం 72 పీరియడ్లు, 28,080. పేపర్‌లో చదివితే 28 వేలు బానే ఉంది కదా అనిపిస్తది. అది నెల జీతం అనుకోకు, అంతకు మించి ఇవ్వం అని పెట్టిన గీత అది. దసరా సెలవులొచ్చిన నెల, పరీక్షల నెల, పిల్లలు రాని నెల, పీరియడ్లు 40 దాటవు, 40 ఇంటూ 390 అంటే 15,600. ఎండాకాలం రెండు నెలలు సున్నా. పేరుకు లెక్చరర్, లెక్క మాత్రం కూలి లెక్కనే.

మా డిపార్ట్‌మెంట్‌లో గెస్ట్‌గా చేసే అమ్మాయి టేబుల్ మీద ఒక పొడుగు రిజిస్టర్ ఉంటది. తేదీ, క్లాస్, ఏ పీరియడ్, ఏ టాపిక్, సంతకం. క్లాస్ నుంచి రాగానే చాక్‌పీస్ దుమ్ము చేత్తోనే ముందు ఆ గడి నింపుతది, ఎందుకంటే ఒక్క గడి ఖాళీ ఉంటే 390 పోయినట్టే. సివిల్ సర్వీసెస్ దినం అనో, ఓటర్ల దినం అనో కాలేజీలో ప్రోగ్రామ్ పెడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లలను లైన్‌లో నిలబెట్టేది ఈమెనే, మన సబ్జెక్ట్ ప్రోగ్రామ్ కదా మరి, కానీ ఆ రోజు పీరియడ్ జరగలే కాబట్టి ఆ గడికి డబ్బులుండవు. నెలాఖరుకు ఆ పేజీ మీద ఇన్‌చార్జ్ సంతకం, తర్వాత ప్రిన్సిపల్ సంతకం, తర్వాత బిల్లు, తర్వాత బడ్జెట్ రిలీజ్. మూడు నాలుగు నెలలవి ఒకేసారి పడటం మామూలే. ఆమెకు నెట్, సెట్ రెండూ ఉన్నయి, పీహెచ్‌డీ సబ్మిట్ చేసింది. రెగ్యులర్ ఎవరైనా లీవ్ పెడితే ఆ క్లాసులు కూడా ఆమెకే పోతయి. నాకు ఇది అన్యాయం అనిపిస్తది, మీటింగుల్లో ప్రిన్సిపల్ ముందు కూడా ఇదే మాట చెప్పిన.

యూజీసీ ఏమన్నదో చూడు. 2019లో గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చర్‌కి 1,500, నెలకు 50,000 మించకుండా ఇవ్వమన్నది. ఇప్పుడు నువ్వే ఒక లెక్క వెయ్. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల టీచింగ్ అని రూల్, నెలకు 64 అనుకో. ఇందాక చెప్పిన 1,14,660ని 64తో భాగిస్తే గంటకు 1,790 దాకా వస్తది. అంటే యూజీసీ చెప్పిన 1,500 మరీ ఆకాశంలోంచి ఊడిపడిన రేటేమీ కాదు, రెగ్యులర్ వాళ్లకు పడేదానికి కొంచెం కిందనే ఉంది. మనోళ్లు ఇచ్చేది 390. మరి నీకు ఆఫర్ వచ్చిన ప్రైవేట్ కాలేజీ సంగతి? రోజుకు ఐదు పీరియడ్లు, వారానికి ఆరు రోజులు, నెలకు 120. 20 వేలను 120తో భాగించు. 167 రూపాయలు.

ప్రైవేట్‌లో ఎందుకింత తక్కువ అంటే ఓనర్ల పిసినారితనం ఒక్కటే కారణం కాదు, అది కూడా ఉంది గానీ. బీఏలో చేరే పిల్లలు తక్కువ, సిటీలో ప్రైవేట్ డిగ్రీ కాలేజీలు బతుకుతున్నయంటే బీకామ్ కంప్యూటర్స్ మీద, బీబీఏ మీద, డేటా సైన్స్ పేరు పెట్టిన బీఎస్సీల మీద. బీఏ ఫీజు తక్కువ, అందులో చాలామంది పిల్లలు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడ్డవాళ్లు, ఆ డబ్బులు సర్కారు నుంచి ఏళ్లకేళ్లు రావు. 2024లో, మళ్లీ 2025లో బకాయిల కోసం కాలేజీలు బంద్ పెట్టినయి, పేపర్లలో చూసే ఉంటవ్. ఆ బకాయిల భారం చివరికి ఎవరి మీద పడతదంటే లెక్చరర్ మీద. ఫండ్స్ రాలే అని మూడు నెలల జీతం ఆపుతరు, ఫండ్స్ వచ్చినంక మాత్రం వెనకటివి మొత్తం ఇచ్చిన మేనేజ్‌మెంట్లు నేను చాలా తక్కువ చూసిన. ఇంకోటి, ప్రైవేట్‌లో పొలిటికల్ సైన్స్ ఒక్కదానికే పెట్టుకోరు, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ నీదే, ఇండియన్ కాన్‌స్టిట్యూషన్ నీదే, సోషియాలజీ మేడం మానేస్తే అదీ నీదే.

నాకు తెలిసినవాళ్ల జీతాలను బట్టి చెప్తున్న, మామూలు ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో కొత్తవాళ్లకు 15 నుంచి 25 వేలు. పేరున్న అటానమస్ కాలేజీల్లో 30 నుంచి 45 దాకా, అక్కడ జీతం టైంకి పడతది, పీఎఫ్ సరిగ్గా కడతరు, కానీ నెట్ లేదా పీహెచ్‌డీ ఖచ్చితంగా అడుగుతరు, ఇంగ్లీష్ మీడియంలో గడగడా చెప్పాలె. ఒకప్పుడు ఇవే కాలేజీల్లో ఎయిడెడ్ పోస్టులు ఉండేవి, సర్కారు జీతం వచ్చేది, రిటైర్ అయినోళ్ల జాగాలు నింపక అవి ఆరిపోతున్నయి. ఈమధ్య వచ్చిన ప్రైవేట్ యూనివర్సిటీలు, లా స్కూళ్లు 50 నుంచి 80 దాకా కూడా ఇస్తున్నయి పీహెచ్‌డీ, మంచి జర్నల్స్‌లో పేపర్లు ఉన్నోళ్లకు. ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీలో పొలిటికల్ సైన్స్ పేపర్లు ఉంటయన్న సంగతి మనోళ్లు చాలామంది పట్టించుకోరు, లా కాలేజీలకు కూడా అప్లికేషన్ పెట్టు. కార్పొరేట్ ఇంటర్ కాలేజీల్లో మాత్రం మన సబ్జెక్ట్‌కి విలువ లేదు, అక్కడ లోకమంతా ఎంపీసీ, బైపీసీనే, సీఈసీ ఒక మూల సెక్షన్, మ్యాథ్స్ సార్‌కి ఇచ్చేదాంట్లో నాలుగో వంతు సివిక్స్ సార్‌కి ఇస్తే గొప్ప.

పక్క ఆదాయం గురించి కూడా అడుగుతవ్ కాబట్టి చెప్తా. అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ కోచింగ్ సెంటర్లలో పాలిటీకి ఎప్పుడూ గిరాకీ ఉంటది, గ్రూప్స్‌కి పాలిటీ లేకుండా పనే జరగదు. మన సబ్జెక్ట్‌కున్న అదృష్టం అదొక్కటే, హిస్టరీ వాళ్లకూ ఎకనామిక్స్ వాళ్లకూ కూడా ఉంది అనుకో. కానీ నోటిఫికేషన్ పడ్డ ఏడాది బ్యాచ్ మీద బ్యాచ్, పడని ఏడాది హాల్‌లో పదిమంది కూడా ఉండరు, నెల జీతంలా దాన్ని నమ్ముకోవద్దు. ఓపెన్ యూనివర్సిటీ స్టడీ సెంటర్లలో ఆదివారం క్లాసులు, పేపర్ వాల్యుయేషన్, ఇవి చిల్లర ఖర్చులకు పనికొస్తయి.

సరే, ఇప్పుడు నీ 20 వేల ఆఫర్ సంగతి. ఇంటి పరిస్థితి ఏంటో నువ్వు రాయలే. ఇంటికి డబ్బు పంపాల్సిన అవసరం లేకపోతే, మొదట జేఆర్ఎఫ్ (నెట్‌లో మంచి మార్కులు వచ్చినోళ్లకు పీహెచ్‌డీ చేసేటందుకు ఇచ్చే ఫెలోషిప్) కోసం ఇంకో అటెంప్ట్ గట్టిగా చెయ్ అంటా. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, మీద హెచ్ఆర్ఏ. అంటే నీకు పాఠం చెప్పినందుకు 20 వేలు ఇస్తమంటున్నరు, చదువుకుంటందుకు దాదాపు రెండింతలు వస్తది, పైగా చివర్లో పీహెచ్‌డీ చేతికొస్తది, ఆ పీహెచ్‌డీ లేకుండా ఈ లైన్‌లో ఒక మెట్టు దాటి పోలేవని పైన లెక్కతో సహా చెప్పిన. వయసు 30 దాటకూడదు జనరల్‌కి, రిజర్వేషన్ ఉంటే 5 ఏళ్లు ఎక్కువ. జేఆర్ఎఫ్ లేకుండా ఫుల్‌టైమ్ పీహెచ్‌డీ అంటే మాత్రం జాగ్రత్త, సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్ నెట్ ఫెలోషిప్ నెలకు 8,000, హైదరాబాద్‌లో ఆ డబ్బుతో హాస్టల్ దొరికితేనే బతుకుతవ్.

ఇంట్లో అవసరం ఉంది, చేరక తప్పదు అంటవా, చేరు, తప్పేం లేదు, నేను కూడా అక్కడినుంచే వచ్చిన, క్లాస్‌రూమ్‌లో నిలబడి చెప్పడం అక్కడే నేర్చుకున్న. కానీ జీతం కోసం బేరమాడే బదులు టైం కోసం బేరమాడు. 20ని 22 చేయించుకునే కంటే రోజుకు ఐదు పీరియడ్లను మూడు చేయించుకుని మధ్యాహ్నం రెండింటికి బయటపడేటట్టు మాట్లాడుకో, జీతం 17 అన్నా ఒప్పుకో. ఎందుకంటే నిన్ను 80 వేల జీతంలోకి తీసుకుపోయేది ఆ మధ్యాహ్నం గంటలే. ఐదు పీరియడ్లు గొంతు చించుకుని, సాయంత్రం దాకా నాక్ (కాలేజీకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైళ్లు రాసి, రూమ్‌కొచ్చి జేఎల్ పేపర్ 2 చదువుతా అంటే అయ్యే పని కాదు, నా కళ్లముందే మంచి మంచి చదువరులు అట్ల నాలుగైదేళ్లు ఇరుక్కుపోయిన్రు, వాళ్ల కంటే తక్కువ మార్కుల వాళ్లు లైబ్రరీలో కూర్చుని ఉద్యోగం కొట్టిన్రు.

ఇంటర్వ్యూలో డెమో అడుగుతరు, ప్రాథమిక హక్కులు గానీ ఫెడరలిజం గానీ చెప్పమంటరు, బాగా చెప్తవ్, అప్పుడు కరస్పాండెంట్ నవ్వుతా అడుగుతడు, మీ ఏరియా నుంచి ఎన్ని అడ్మిషన్లు తెస్తరు సార్ అని. ఆ ప్రశ్న వచ్చిందంటే ఎండాకాలం నీ పని జూనియర్ కాలేజీల చుట్టూ పాంప్లెట్లు పట్టుకుని తిరగడం అని అర్థం చేస్కో. అక్కడే అడుగు: ఏప్రిల్, మే జీతం ఇస్తరా, సంవత్సరానికి 12 జీతాలా 10 జీతాలా. చాలాచోట్ల 10. అప్పుడు 20 వేలు అన్నది నెలకు సగటున 16,667 అయితది. పీఎఫ్ ఉందా, ఉంటే కాలేజీ వాటా కాలేజీ కడతదా లేక రెండు వాటాలూ నీ 20లోంచే కట్ చేస్తరా. 15,000 మీద లెక్కేస్తే ఒక వాటా 1,800, రెండూ నీ మీద వేస్తే 3,600. ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటం అంటే వెంటనే లేచిరా, జేఎల్ వెరిఫికేషన్ రోజు ఆ ఒరిజినల్స్ కోసం మేనేజ్‌మెంట్ కాళ్లు పట్టుకున్నోళ్లు ఉన్నరు. బ్యాంక్‌లో వేసిన జీతంలో కొంత నగదుగా వెనక్కి ఇవ్వాలె అనే కాలేజీలు కూడా ఈ సిటీలో ఉన్నయి, రికార్డులో ఎక్కువ చూపించుకోడానికి, దానికి అస్సలు ఒప్పుకోకు. ఆర్డర్ కాపీ కాగితం మీద తీసుకో, అందులో పోస్టు పేరు, జీతం, చేరిన తేదీ ఉండాలె. రేపు ఎక్కడైనా ఎక్స్‌పీరియన్స్ కింద చూపించాలంటే ఆ కాగితం, బ్యాంక్ స్టేట్‌మెంట్ రెండే అడుగుతరు.

ఇంకొకటి, నెట్ వచ్చింది అని మాత్రమే రాసినవ్. 2024 జూన్ నుంచి నెట్ రిజల్ట్ మూడు రకాలుగా ఇస్తున్నరు: జేఆర్ఎఫ్ ప్లస్ అసిస్టెంట్ ప్రొఫెసర్, అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్లస్ పీహెచ్‌డీ అడ్మిషన్, ఒట్టి పీహెచ్‌డీ అడ్మిషన్. మూడోదైతే అది లెక్చరర్ ఉద్యోగానికి పనికిరాదు, పీహెచ్‌డీ అడ్మిషన్‌కి కూడా ఏడాది వరకే చెల్లుతది. ఇవాళే స్కోర్‌కార్డ్ తీసి నీది ఏ కేటగిరీనో చూడు, చూసి ఇక్కడ రాయి, అట్లనే బీఈడీ ఉందా లేదా, ఇంటికి నెలకు ఎంత పంపాల్సి ఉంటది అన్నది కూడా రాయి, దాన్ని బట్టి జేఎల్ ముందా, పీహెచ్‌డీ ముందా అన్నది చెప్తా.